వంట సోడా ఆపెయ్, ఈ రాత్రికి కుంకుళ్ళు నానబెట్టు

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. షాంపూ, డియోడరెంట్ ఒకే రోజున మానేశావు, రెండు నెలలైంది. తలకి వంట సోడా కలిపిన నీళ్ళు, ఆ తర్వాత యాపిల్ వెనిగర్. చంకలకి వంట సోడా, కొబ్బరినూనె కలిపిన ముద్ద. ఇప్పుడు జుట్టు మైనం రాసినట్టు అట్టలు కట్టింది. చంకలు ఎర్రబడి మండుతున్నాయి, కొంతమేర నల్లబడ్డాయి కూడా. ఉండేది మియాపూర్‌లో, అపార్ట్‌మెంటుకి బోరు నీళ్ళు. "ఒంట్లో ఉన్న కెమికల్స్ బయటికి పోయేదాకా ఓర్చుకోవాలంటున్నారు, ఇంకెన్నాళ్ళు?" అని అడిగావు. మా చిన్నమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ఒక్క రోజు కూడా ఓర్చుకోనక్కర్లేదమ్మా. ఆ సోడా రెండు చోట్లా ఇవాళే ఆపెయ్. షాంపూకి తిరిగి వెళ్ళాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడుకుందాం.

నేను రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకి ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. షాంపూ మానేసి పద్దెనిమిదేళ్ళు. రిటైరయ్యాక హైదరాబాద్‌లో పెద్దమ్మాయి దగ్గరే ఉంటున్నాను. గోదావరి నీళ్ళతో తలంటుకుంటే ఎలా ఉంటుందో, బోరు నీళ్ళతో ఎలా ఉంటుందో రెండూ తెలుసు. అందుకే ముందు నీళ్ళ సంగతి.

మీ గీజర్ విప్పినప్పుడు లోపలి రాడ్డు మీద తెల్లగా గట్టిగా పేరుకున్నది చూశావా? అదే నీ తలమీదా పని చేస్తోంది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగే నీళ్ళలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదనీ, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చనీ మన భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. స్నానం నీళ్ళకి ఆ లెక్క ఎవరూ చూడరు, బోరులో ఏది వస్తే అదే. ఇక మన మాడు మీద ఊరే జిడ్డులో కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. వంట సోడా నీళ్ళు క్షారం. కొవ్వు ఆమ్లానికి క్షారం తగిలితే కొంత సబ్బుగా మారుతుంది. ఆ సబ్బుని నీళ్ళలోని కాల్షియం పట్టుకుంటే నీళ్ళలో కరగని జిగురు తయారవుతుంది. బకెట్టు అంచున, బాత్రూం గచ్చు మీద తెల్లగా అంటుకునే తెట్టు ఉంటుందే, అదే పదార్థం. నీ జుట్టుకి పట్టిన మైనం అది. దాన్ని పేరుకోనిస్తూ ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టినా పోదు.

పైగా తల చర్మం స్వభావం కొంచెం ఆమ్లం, పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత పీహెచ్, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). వెంట్రుకది ఇంకా తక్కువ, 3.7 దాకా. వంట సోడా నీళ్ళది 8.3 దగ్గర. క్షారం తగిలితే వెంట్రుక పైన చేపపొలుసుల్లా పేర్చి ఉండే పొర లేస్తుంది, వెంట్రుకలు ఒకదానికొకటి చిక్కుకుంటాయి, దువ్వితే తెగుతాయి. వెనక వెనిగర్ పోస్తున్నాను కదా అంటావేమో. పొయ్యిమీద చెయ్యి పెట్టి తర్వాత చన్నీళ్ళలో ముంచినట్టే అది. వెనిగర్ వల్ల మేలు లేకపోలేదు, కానీ వారం వారం పొలుసులు లేపుతూ అణచుతూ ఉంటే వెంట్రుక నిలవదు.

ఆ "అలవాటు పడే కాలం" గురించి కూడా చెప్పాలి. షాంపూ మానేస్తే తల నూనె ఊరడం తగ్గించుకుంటుందని చాలామంది రాస్తారు. తలలోని తైలగ్రంథులు హార్మోన్ల మాట వింటాయి. పైన నువ్వేం పోశావో వాటికి తెలియదు. అందుకే ఈడు వచ్చిన పిల్లలకి జిడ్డు పెరుగుతుంది, నా వయసుకి వచ్చేసరికి తగ్గుతుంది. ఇక తలలో దాగి ఉండి బయటికి పోవాల్సిన షాంపూ అంటూ ఏదీ లేదు. షాంపూ పోసిన రోజునే కడుక్కుంటే పోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. షాంపూ మానాలన్న నీ కోరికని నేను తప్పుపట్టడం లేదు. నేనూ మానేసినదాన్నే. కానీ షాంపూ చేసే పని ఏమిటో చూసి, ఆ పనే చేసే ఇంకొకటి పట్టుకోవాలి. జిడ్డుకి ఒక కొస, నీళ్ళకి ఒక కొస ఇచ్చి, జిడ్డుని నీళ్ళలోకి లాక్కుపోయే పదార్థం కావాలి. వంట సోడాకి ఆ గుణం లేదు. కుంకుడుకాయకి ఉంది. దాని తొక్కలో ఉండే సపోనిన్లు సరిగ్గా ఆ పనే చేస్తాయి. కుంకుడు చెట్టు శాస్త్రీయ నామంలో మొదటి మాట సపిండస్. లాటిన్‌లో దాని అర్థం భారతీయ సబ్బు అని.

సబ్బుకీ కుంకుడుకీ తేడా నేను మాటలతో చెప్పేదాన్ని కాదు, క్లాసులో చూపించేదాన్ని. రెండు పరీక్షనాళికల్లో సగం దాకా బోరు నీళ్ళు. ఒకదాంట్లో బట్టల సబ్బు తరుగు, రెండోదాంట్లో చిక్కటి కుంకుడు రసం నాలుగు చుక్కలు. బొటనవేలు మూసి ఊపమనేదాన్ని. సబ్బు వేసినదాంట్లో పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు తేలేవి, నురగ ఉండేది కాదు. కుంకుడు వేసినదాంట్లో నురగ మూతిదాకా వచ్చేది. సబ్బు అణువుకి రుణావేశం ఉంటుంది కాబట్టి కాల్షియం దాన్ని పట్టుకుంటుంది. సపోనిన్‌కి ఆవేశం లేదు, కాల్షియం దాని జోలికి రాదు. నువ్వూ రెండు ఖాళీ వాటర్ బాటిళ్ళతో చేసి చూడు. మీ నీళ్ళు ఎంత కఠినమో కూడా అందులోనే తెలిసిపోతుంది. స్నానం సబ్బుతో తల రుద్దుకుంటే సరిపోతుందని కొందరు అంటారు. బోరు నీళ్ళున్న ఇంట్లో ఆ పని చేయకు, ఇప్పుడున్న మైనం ఇంకా పెరుగుతుంది.

ఇక ఎలా చేయాలో. నడుము దాకా జుట్టుంటే పన్నెండు కాయలు, భుజాల దాకా అయితే ఏడెనిమిది. నిండుగా, తేనెరంగులో, నొక్కితే జిగటగా ఉండేవి ఏరుకో. మరీ నల్లబడి రాయిలా ఎండినవి పాతవి, నురగ తక్కువ. బండతో ఒక దెబ్బ వేసి నల్ల గింజ తీసెయ్. తొక్కలు ఒకసారి కడిగి, లీటరు వేడినీళ్ళలో రాత్రంతా నాననివ్వు. గుప్పెడు శీకాయ ముక్కలు కూడా వేస్తే జుట్టు మెత్తగా వస్తుంది, చిక్కు తక్కువ పడుతుంది. పొద్దున చేత్తో బాగా పిసికి, పల్చటి నూలుగుడ్డలో వడకట్టు. వడకట్టడం దగ్గర బద్ధకించకూడదు. పిప్పి జుట్టులో చిక్కుకుంటే అది దులుపుకోలేక రెండు రోజుల్లో విసుగొచ్చి మళ్ళీ షాంపూ సీసా పట్టుకుంటావు. అందుకే కుంకుడు పొడి, శీకాయ పొడి నేరుగా నెత్తిన వేసుకోమని నేను ఎవరికీ చెప్పను. పొడే దొరికితే అదీ నానబెట్టి వడకట్టాల్సిందే. మిగిలిన రసం ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది, ఆ తర్వాత పులుస్తుంది.

నూనె దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. మన అమ్మలు తల నిండా నూనె పెట్టి కుంకుళ్ళతో అంటేవారు కదా అని నువ్వూ గిన్నెడు ఆముదం పట్టించకు. కుంకుడు రసం షాంపూ అంత బలంగా లాగదు, ఆముదం లాంటి చిక్కటి నూనె దానికి లొంగదు. రెండు చెంచాల కొబ్బరినూనె, అదీ జుట్టు పొడవునా, అరగంట ముందు చాలు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు మాంసకృత్తులు కోల్పోకుండా ఆపుతుందని 2003లో మన దేశపు పరిశోధకులే ప్రచురించారు. పొద్దుతిరుగుడు నూనెకి, మినరల్ ఆయిల్‌కి ఆ గుణం కనిపించలేదు.

మొదటిసారి అంటుకునేటప్పుడు నీ తలమీద ఉన్న మైనం ముందు వదలాలి. మగ్గు నీళ్ళలో ఒక చెంచా మామూలు తెల్ల వెనిగర్ కలిపి జుట్టంతా తడిపి రెండు నిమిషాలు ఉంచు. ఆ కాల్షియం తెట్టుని ఆమ్లం విడగొడుతుంది. కడిగేసి, అప్పుడు కుంకుడు రసం. మొదటి వాయికి నురగ సరిగ్గా రాదు, కంగారు పడకు. రెండో వాయికి వస్తుంది. తల వెనక్కి వంచి పోసుకో, కళ్ళలో పడితే మంట భరించడం కష్టం. చిన్నప్పుడు మాకు మండితే నోట్లో ఉప్పు బెడ్డ పెట్టేవారు. దృష్టి మళ్ళించడానికి పనికొచ్చిందేమో గానీ, కంటికి కావలసింది నీళ్ళు. రుద్దకుండా ఐదు పది నిమిషాలు చల్లటి నీళ్ళతో కడగాలి. కాంటాక్ట్ లెన్సులుంటే ముందే తీసెయ్.

ఆఖరి రెండు మగ్గులు మాత్రం బోరు నీళ్ళు వద్దు. తాగడానికి ఆర్‌ఓ ఫిల్టర్‌లో (లవణాలు తీసేసేది) పట్టిన నీళ్ళు రెండు లీటర్లు పక్కన పెట్టుకుని వాటితో ముగించు. హైదరాబాద్ వచ్చిన కొత్తలో నా జుట్టూ పీచులా అయిపోయింది. కుంకుళ్ళు మార్చి చూశాను, శీకాయ పెంచి చూశాను. చివరికి ఈ రెండు లీటర్లతోనే కుదుటపడింది. పెరట్లోనో కుండీలోనో మందారం ఉంటే పది ఆకులు నీళ్ళలో నలిపితే పచ్చటి జిగురు వస్తుంది. వడకట్టి, రసం పోసుకున్నాక జుట్టు కొసలకి పట్టించి కడిగేస్తే కండిషనర్ ఎందుకా అనిపిస్తుంది. కానీ నలిపిన పూటే వాడెయ్యాలి.

వారానికి రెండుసార్లు చాలు. రోజూ కుంకుడు పోస్తే మాడు పొడిబారి దురద పెడుతుంది. మొక్క నుంచి వచ్చినది కదా అని మోతాదు మరిచిపోకూడదు. సపోనిన్ చేపలకి విషం, ఊళ్ళలో వాగు నీళ్ళలో కుంకుడు వాడిన రేవు దగ్గర చేపపిల్లలు పైకి తేలడం చూసినవాళ్ళున్నారు. రసం గిన్నె చిన్నపిల్లలకి అందకుండా పెట్టు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి మందు షాంపూ కొనుక్కోమంటాను. పొట్టు రాలే చుండ్రు, ఎర్రగా దురద ఉంటే అది మలసీజియా అనే శిలీంధ్రం పని. అది మన తలలో ఊరే నూనె తిని బతుకుతుంది. దానికి నూనె రాస్తే మేత వేసినట్టే. కీటోకొనజోల్ ఉన్న షాంపూ డాక్టరు చెప్పిన లెక్కన కొన్ని వారాలు వాడి, తగ్గాక కుంకుళ్ళకి రావచ్చు. మా చిన్నమ్మాయికి అలాగే చేశాను. పట్టుదలకి పోయి ఆరు నెలలు చుండ్రుతో ఉంటే జుట్టు కూడా రాలొచ్చు.

మంచి కాయలు ఎక్కడ దొరుకుతాయంటే, ఆంధ్రలో గిరిజన సహకార సంస్థ దుకాణాలున్న చోట అడుగు. 1956 నుంచీ ఏజెన్సీలో గిరిజనులు ఏరి తెచ్చే అటవీ ఉత్పత్తులు కొంటున్న సంస్థ అది. లేదంటే పాత బజారుల్లో మూలికల కొట్లు. మా చిన్నప్పుడు పచారీ కొట్టులో ఎప్పుడంటే అప్పుడు దొరికేవి. 80ల్లో షాంపూ ప్యాకెట్లు వచ్చాయి. కడలూరు చిన్నికృష్ణన్ గారు మొదలుపెట్టిన ఆ చిన్న ప్యాకెట్టు పద్ధతిని ఆయన కొడుకు రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో పల్లెలకి పట్టుకొచ్చాడు. రూపాయి పెడితే ఒక తలంటు, కొట్టడం లేదు, నానబెట్టడం లేదు, కళ్ళ మంట లేదు. పొలం పనికి, ఆఫీసు పనికి పరుగెత్తే ఆడవాళ్ళకి ఆ ప్యాకెట్టు ఎంత వెసులుబాటో నాకు తెలుసు, నేనూ ఇరవై ఏళ్ళకి పైగా వాడాను. వాళ్ళని తప్పుపట్టే మాట ఎవరన్నా నాకు నచ్చదు. నీకు ఆదివారం ఒక గంట తీరిక లేకపోతే, వాసన తక్కువ ఉన్న మామూలు షాంపూ వారానికి రెండుసార్లు కొంచెం కొంచెం పెట్టుకో. సల్ఫేట్ అనగానే క్యాన్సర్ అని భయపెట్టే మాటలు నమ్మకు. సోడియం లారిల్ సల్ఫేట్ కొందరి చర్మానికి పొడిబారించి దురద పెడుతుంది. దాని మీద ఉన్న నిజమైన ఫిర్యాదు అది.

ఇక చంకలు.

ముందు మంట తగ్గాలి. అక్కడి చర్మం పల్చన, పైగా రాపిడి, తడి. దాని మీద క్షారాన్ని రుద్ది రోజంతా ఉంచావు. నాలుగైదు రోజులు ఏమీ రాయకు. వాసన లేని పసిపిల్లల క్లెన్సర్‌తో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వు. వదులు నూలుబట్టలు వేసుకో. షేవింగ్, వ్యాక్సింగ్ రెండూ ఆపు. రసి కారినా, పొక్కులు లేచినా, వారంలో తగ్గకపోయినా చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళు. మిగిలిన నలుపు మెల్లగా, నెలల్లో పోతుంది. దాన్ని నిమ్మచెక్కతో రుద్దమని చెప్పేవాళ్ళు వస్తారు, వినకు. నిమ్మరసం పడ్డ చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి ఇంకా నల్లబడుతుంది. సున్నిపిండిలో వేసే బావంచాలతోనూ ఇదే గొడవ. నేను ఒక ఏడు సంక్రాంతికి ఘాటుగా బావంచాలు వేసి నలుగు పెట్టుకుని మేడమీద ఎండలో కూర్చుంటే మెడంతా మచ్చలు తేలాయి, మూడు నెలలు ఉన్నాయి. ఇప్పుడు పెసరపిండి, శనగపిండి, కచ్చూరాలు, వట్టివేళ్ళు వేస్తాను, బావంచాలు మాత్రం వేయను. ఇంకోమాట. చంకల్లోనూ మెడ వెనకా నలుపు దళసరిగా, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంటే అది సోడా వల్ల వచ్చింది కాదు. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు అలా వస్తుంది. ఒకసారి రక్తంలో చక్కెర చూపించుకో.

చెమటకి వాసన లేదమ్మా. చంకల్లో ఉండే ప్రత్యేక గ్రంథుల నుంచి వచ్చే స్రావాన్ని అక్కడి బాక్టీరియా విడగొడితే గంధకం ఉన్న పదార్థాలు పుడతాయి, వాసన వాటిదే. స్టెఫైలోకాకస్ హోమినిస్ అనే బాక్టీరియాలో ఆ పని చేసే ఎంజైమ్ నిర్మాణాన్ని ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో బయటపెట్టారు. అంటే మన పని ఆ బాక్టీరియాకి తిండి, తడి, చోటు తగ్గించడం. పొద్దునా సాయంత్రమూ చంకలు కడుక్కుని పూర్తిగా ఆరాకే బట్ట వేసుకోవడం. వెంట్రుకలు కత్తెరతో పొట్టిగా ఉంచుకోవడం. నీ ఆఫీసు బట్టలు పాలిస్టర్ అయితే సగం వాసన వాటిదే కావచ్చు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో 2014లో చూస్తే, ఒకే వ్యాయామం చేసిన మనుషుల బట్టల్లో నూలు కంటే పాలిస్టర్ ఎక్కువ కంపు కొట్టింది. ఉతికినా చంక భాగంలో వాసన ఉంటోందంటే ఆ చొక్కా మార్చాల్సిందే.

ఇవి చేశాక కూడా మధ్యాహ్నానికి చాలడం లేదంటే పటిక వాడు, కానీ చర్మం పూర్తిగా మానాకే. మా రాజమండ్రిలో వరదల రోజుల్లో గోదావరి ఎర్రనీళ్ళు బిందెలో పట్టి, చిల్లగింజ అరగదీసో పటిక తిప్పో తేర్చుకునేవాళ్ళం. అదే పటిక. గడ్డ తడిపి చంకలో రెండుసార్లు తిప్పి ఆరనివ్వడమే. బాక్టీరియా పెరుగుదలని ఆపుతుంది, చర్మాన్ని కాస్త బిగుస్తుంది. షేవ్ చేసిన రోజు మాత్రం వద్దు, చురుక్కుమంటుంది. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నువ్వు అల్యూమినియం లేనిది కావాలని రాశావు. పటిక అంటేనే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. "అల్యూమినియం లేని సహజ స్ఫటికం" అని ఐదింతల ధరకి అమ్మేవాళ్ళు అబద్ధం చెబుతున్నారు.

అసలు అల్యూమినియం అంటే అంత భయం ఎందుకు? చెమట రంధ్రాలని మూసే యాంటీపెర్‌స్పిరెంట్లలో అల్యూమినియం లవణాలుంటాయి. వాటివల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న ప్రచారానికి ఇప్పటివరకు గట్టి ఆధారం దొరకలేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం వాడేముందు డాక్టరుని అడగాలి. వట్టి డియోడరెంట్ చెమటని ఆపదు, బాక్టీరియాని తగ్గించి సువాసన వేస్తుంది, అంతే. నీకు ఆ ఘాటు వాసన పడకే మానేశావు కాబట్టి పటిక సరిపోతుందనుకుంటున్నాను. చెమట ధారగా కారి బట్టలు తడిసిపోయేంత ఉంటే మాత్రం అది వేరే సమస్య, దానికి మంచి వైద్యం ఉంది.

ఈ రాత్రి కాయలు నానబెడితే రేపు ఆదివారం పొద్దున అంటుకోవచ్చు. ఆరాక జుట్టు పాయ ఒకటి తీసుకుని రెండు వేళ్ళ మధ్య పట్టి కుదురు నుంచి కొసదాకా లాగి చూడు. వేళ్ళకి బంకగా ఏమీ అంటకపోతే మైనం వదిలినట్టే, తర్వాతి తలంటుకి వెనిగర్ అక్కర్లేదు. ఇంకా అంటుకుంటుంటే బుధవారం ఇంకోసారి వెనిగర్‌తోనే మొదలుపెట్టు. అప్పటికీ వదలకపోతే ఒకే ఒక్కసారి షాంపూ పెట్టి శుభ్రంగా కడిగేసి, ఆ మీదటి వారం నుంచి కుంకుళ్ళతో మళ్ళీ మొదలుపెట్టు.